అపెన్నీనో నుదుటి మీద గాటు

పోయినవారం మెనికాను మనం పరంజా మీద, అపెన్నీనో గడ్డం పక్కన, చేతిలో తడిగుడ్డతో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది.

ఈ మధ్యే మనతో కలిసినవాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పి ముందుకు పోదాం. మెనికా కొండ మీద బొగ్గులు కాల్చే సాల్వెస్త్రో కూతురు, తల్లి పోయిన పిల్ల. ఏణ్ణర్థం కిందట, చెస్ట్‌నట్ కాయలు రాలిపోయి చలి ముదిరిన రోజుల్లో, బట్టీ దగ్గరికని వెళ్లిన తండ్రి తిరిగి రాలేదు. వాగు గట్టున నెత్తురు కనపడింది. దిగువన రాళ్ల మధ్య కోటు దొరికింది. మనిషి దొరకలేదు. వరద తీసుకుపోయిందని ఊరు ఊరంతా అనుకుంది, పాదిరీ వచ్చి ప్రార్థన చదివాడు. ఈ వసంతంలో అన్న లాపో ఎవరితోనూ చెప్పకుండా లోయలోకి దిగి, న్యాయాధికారి ముందు నిలబడి, "వాగు కాదు, మా నాన్నను నేనే నరికాను" అన్నాడు. జూన్‌లో వచ్చే సెయింట్ జాన్ పండగ వెళ్లగానే తీర్పు చెబుతారు. తండ్రిని చంపినవాడికి ఏ తీర్పు వస్తుందో మెనికాకు ఎవరూ వివరించనక్కర్లేదు.

చెరలో ఉన్నవాడికి కూడు ఇంటివాళ్లే పెట్టుకోవాలి కాబట్టి ఆమె ప్రతోలీనో తోటలో కూలికి కుదిరింది. అక్కడ గ్రాండ్ డ్యూక్ ఒక కొండను మనిషిగా కట్టిస్తున్నాడు. మనం పుట్టి పెరిగిన అపెన్నీనో కొండలనే ఒక ముసలివాడిగా చేసి చెరువు గట్టున గొంతుక్కూర్చోబెట్టారు. లోపల ఇటుక, పైన రాయి, ఆ పైన గచ్చు. ఒళ్లంతా కరిగి కారే మంచులా గచ్చు ధారలు. ఎడమచేత్తో ఒక మృగం తలను నొక్కిపట్టి దాని నోట్లోంచి చెరువులోకి నీళ్లు కక్కిస్తుంటాడు. వాడు గానీ లేచి నిలబడ్డాడంటే ఫ్లోరెన్స్ దాకా నీడ పడుతుందని కూలీలు అంటారు. ఆ ముఖం తన తండ్రిదని మెనికా మొదటిరోజే కింది నుంచి గుర్తుపట్టింది. బొగ్గులు అమ్మడానికి నగరానికి వెళ్లినప్పుడు ఏ శిల్పో చూసి ఉంటాడు, అది బతికున్ననాటి ముఖం, ఇప్పుడు దానివల్ల ఒరిగేదేమిటి అని గుండె రాయి చేసుకుంది. పోయినవారం మొదటిసారిగా పరంజా ఎక్కి దగ్గరగా చూసింది. ఎడమ కనుబొమను రెండుగా చీల్చుకుంటూ కణత దాకా ఒక గాటు ఉంది.

తండ్రికి అలాంటి గాటు లేదు. ఆమె ఎరిగినంతవరకు ఎన్నడూ లేదు.

కానీ లాపో చెర ఊచలు పట్టుకుని చెప్పిన మాట ఆమె చెవిలో ఇంకా తిరుగుతూనే ఉంది. "కొమ్మలు నరికే కత్తి నా చేతిలోనే ఉందే చెల్లీ. ఎట్లా ఎత్తానో తెలీదు. ఎడమ కంటి మీద పడింది."

కింద నుంచి మెట్లచెక్కలు కిర్రుమన్నాయి. ఎవరో ఎక్కి వస్తున్నారు. మోకాళ్ల నొప్పులతో ఒక్కో మెట్టుకూ ఒక్కో సెయింటును తిట్టుకుంటూ ఎక్కేది ఆ తోటలో ఒక్కడే, ముఖం పని చేసిన గచ్చు మేస్త్రి రొమోలో. పెద్ద శిల్పి నగరంలో ఉంటాడు, బొమ్మ గీసి పంపుతాడు. దాన్ని గచ్చులో పోసి మనిషిని చేసేది రొమోలో. మంచివాడే కానీ నోరు సున్నం బట్టీ.

"ఏమ్మాయ్, గడ్డం కడగమన్నాను గానీ ముద్దులాడమన్నానా? జరుగు జరుగు. కింద ఆ వంటపాక పిప్పా కేకలు వేస్తోంది, పిల్ల పరంజా మీద నిలబడి నిద్రపోతోందని."

మెనికా జరగలేదు. "మేస్త్రిగారూ, ఈ గాటేమిటి?"

"ఏ గాటు?"

"ఇదిగో, కనుబొమ మీద."

రొమోలో అటు చూడకుండానే చెప్పేశాడు. "పగులు. ఎండకు గచ్చు పగలదా మరి? రేపు పూడ్చేస్తాలే."

చూడకుండా చెప్పాడన్నదే ఆమెకు ధైర్యం ఇచ్చింది. వేలు పెట్టి ఆ గాటు వెంబడి నెమ్మదిగా కణత దాకా జరిపింది. అంచులు మెత్తగా ఉబ్బి ఉన్నాయి, మానిన గాయానికి చర్మం కట్టినట్టు. ఒకచోట బొటనవేలి ముద్ర కూడా గచ్చులో గట్టిపడి ఉంది.

"పగులు మీద మీ వేలిముద్ర ఎట్లా వచ్చింది?"

"నా బొమ్మ, నా వేలు. నీకెందుకమ్మా?"

"ఇది మా నాన్న ముఖం కాబట్టి."

రొమోలో పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు కాస్త ఎక్కువే అయింది. "వచ్చింది ఇంకొకత్తె. ఇక్కడికొచ్చిన ప్రతివాళ్లకీ ఇది ఎవడో ఒకడి ముఖమే. పిప్పా వాళ్ల మామగారంటుంది. తోటమాలి వాళ్ల ఊరి బిషప్పంటాడు. మొన్న ఒక గాడిదలవాడొచ్చి, వాడి గాడిదంటాడు. ఇది పెద్దాయన గీసిచ్చిన బొమ్మ. నేను పోతపోశానంతే."

"ఆయన గీసిన బొమ్మలో గాటుందా?"

రొమోలో నడుముకున్న తాపీ తీసి, బొమ్మ గడ్డం మీద లేని మరకేదో గీకడం మొదలుపెట్టాడు.

"ఉందా మేస్త్రిగారూ?"

"దిగుతావా, కాపలావాళ్లను పిలవనా?"

మెనికా పరంజా చెక్క మీద కూలబడి రెండు చేతులతో అడ్డకర్రను కావిలించుకుంది. "పిలవండి. అందరూ రావాలి. వాళ్లముందే అడుగుతాను, గ్రాండ్ డ్యూక్‌గారి కొండకి బొగ్గులవాడి ముఖం ఎవరు తగిలించారో. నాకు సిగ్గేం లేదు. మా అన్న మెడకు తాడు పేనుతున్నారు. నేనెందుకు సిగ్గుపడాలి?"

అంతవరకూ ఎర్రగా ఉన్న రొమోలో ముఖం సున్నం కొట్టినట్టయింది. మెట్ల వైపు ఒకసారి, కింద చెరువు వైపు ఒకసారి చూశాడు. తర్వాత మోకాళ్లు పట్టుకుని నెమ్మదిగా ఆమె పక్కనే కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు.

"నిజం చెప్పు తల్లీ. నిన్ను ఎవరు పంపారు? న్యాయాధికారి మనిషివా నువ్వు?"

ఆ ప్రశ్న మెనికాకు వింతగా తోచింది. ముఖం గురించి భయపడేవాడు డ్యూక్‌కి భయపడాలి. న్యాయాధికారికి ఎందుకు భయపడుతున్నాడు?

"న్యాయాధికారి మనిషినైతే మీ సున్నం గంపలెందుకు మోస్తాను? ఆయన చెరలో మా అన్న ఉన్నాడు. మా నాన్నను చంపానని వాడే ఒప్పుకున్నాడు. ఎడమ కంటి మీద కత్తి పడిందన్నాడు. ఆ కత్తిగాటు ఇక్కడుంది, మానిపోయి ఉంది. చచ్చినవాడికి గాయం మానదు కదా మేస్త్రిగారూ. అందుకని అడుగుతున్నా. దెబ్బ తగిలాక ఈ మనిషిని మీరు చూశారా లేదా? అదొక్కటి చెప్పండి. ఇంకేమీ వద్దు."

రొమోలో ఆమెను వింతగా చూస్తున్నాడు, లెక్క కుదరని వాడిలా.

"ఆగాగు. ఎవర్ని ఎవరు చంపారన్నావు?"

"మా నాన్నని మా అన్న."

"మీ అన్న పేరేంటి?"

"లాపో."

"లాపో బతికున్నాడా?"

"బతికుండబట్టే కదా ఉరి తీస్తామంటున్నారు."

రొమోలో చేతిలోని తాపీ జారింది. అది పరంజా కర్రలకు రెండుసార్లు తగిలి, టంగుమని మోగి, చెరువులో పడింది. కింద నుంచి పిప్పా గొంతు లేచింది. "ఎవడ్రా అది, తల పగలగొడతారా? కిందున్నవాళ్లు మనుషులు కారా?" 

"పవిత్రమాతా," అన్నాడు రొమోలో. "ఒక శీతాకాలమంతా నా పక్కన కూర్చుని ఒక మనిషి ఏడ్చాడు తల్లీ. కొడుకును చంపుకున్నానని."

మెనికాకు ఒక్క క్షణం ఆ మాటలు మాటల్లా వినిపించలేదు. వినిపించాక అర్థం కాలేదు. అర్థమయ్యాక అడ్డకర్రను పట్టుకున్న చేతులు వాటంతటవే వదిలేశాయి. రొమోలో ఆమె భుజం పట్టుకుని ఆపకపోతే తాపీ పోయిన దారినే పోయేది.

"ఎక్కడున్నాడు?"

రొమోలో బొటనవేలు పైకి చూపించాడు. అపెన్నీనో ముక్కురంధ్రాల్లోంచి సన్నటి పొగ రెండు పాయలుగా వస్తోంది. తోటలో అందరూ రోజూ చూసేదే. తల లోపల ఒక గది ఉంది, గచ్చు లోపలి నుంచి ఆరడానికి అక్కడ నిప్పు పెడతారు, ఆ పొగ ముక్కులోంచి పోతుంది. ఆ నిప్పు దగ్గర ఎవరో తోఫానో అనే మూగవాడి లాంటి ముసలివాడు ఉంటాడని మెనికా కూడా విన్నది. వాడు కిందికి దిగడు, కూటికి కూడా రాడు, బుట్టకు తాడు కట్టి పైకి లాక్కుంటాడు. ఇన్నాళ్లూ ఆ బుట్టలో రొట్టె పెట్టింది తనే. రోజూ.

"పోయిన ఏటికి ముందటి శీతాకాలంలో వచ్చాడు," రొమోలో చెబుతున్నాడు. "సెయింట్ లూసీ పండగ దాటాక. తలకు గుడ్డ చుట్టుకుని, ఆ గుడ్డ నెత్తురుకు అతుక్కుపోయి. పని ఉందా అన్నాడు. నేనప్పుడు ముఖం కుదరక చస్తున్నాను. పెద్దాయన కొండ ముఖం కావాలంటాడు. నేను చేసిందల్లా పోప్ ముఖంలా వస్తోంది. కొట్టడం, మళ్లీ చెయ్యడం, కొట్టడం. ఆ రోజు మంచు పడుతోంది. వీడొచ్చి గడ్డం నిండా మంచుతో, గాలికి ఎదురుగా, కళ్లు ఆర్పకుండా నిలబడ్డాడు. ఇంక నేను వెతకడమెందుకు? కూర్చోరా బాబూ అన్నాను. ఏమీ అడగనంటే కూర్చుంటానన్నాడు. అడగలేదు. జ్వరమొచ్చిన రోజున వాడే చెప్పాడు. ఎవరికీ చెప్పనని ప్రమాణం చేయించుకున్నాడు."

"ప్రమాణం ఇప్పుడు తప్పారుగా."

"తప్పాను. నరకంలో నాకోసం ఎలాగూ ఒక గది పెట్టే ఉంటారు, ఇంకో కిటికీ పెడతారు. లే, పద."

అపెన్నీనో వీపు వెనక, రాళ్ల మధ్య, వంగి దూరేంత ద్వారం ఉంది. లోపల చల్లగా, తడిగా, ఎక్కడో గోడల మధ్య నీళ్లు పారుతున్న చప్పుడు. గవ్వలు అతికించిన చిన్న గుహ దాటితే ఇరుకు మెట్లు, మెట్లు అయిపోయాక భుజం దగ్గర ఒక నిచ్చెన. ఆ నిచ్చెన మెడలోంచి తలలోకి పోతుంది. రొమోలో మోకాళ్లు అక్కడితో సరి. "నువ్వు పో. నేను కింద ఉంటా. నిచ్చెన నేను పట్టుకుంటా," అన్నాడు.

మెనికా మొదటి మెట్టు మీద కాలు పెట్టి ఆగిపోయింది. పైకి పోయాక అక్కడున్నవాడు నాన్న కాకపోతే? ఎవడో కొడుకును చంపుకున్న ఇంకో దురదృష్టవంతుడైతే? లాపో పేరు లోకంలో ఒక్కడికే ఉందా? అప్పుడు పైనుంచి వాసన వచ్చింది. అది కట్టెల పొగ కాదు. ఓక్ బొగ్గు, ఊపిరాడీ ఆడనట్టుగా కప్పి, నిదానంగా కాల్చినప్పుడు వచ్చే తియ్యటి వాసన. ఆమె పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తలవెంట్రుకల్లో, దుప్పట్లో, రొట్టెలో ఉన్న వాసన. మిగతా మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకు తెలియదు.

గది చిన్నది. అపెన్నీనో కళ్లు ఆ గదికి కిటికీలు. వాటిలోంచి రెండు గుండ్రటి వెలుగులు నేల మీద పడుతున్నాయి. మధ్యలో నిప్పు. నిప్పు పక్కన గోనెసంచి మీద కూర్చుని ఒక ముసలివాడు కర్రతో నివురు సర్దుతున్నాడు. గడ్డం తెల్లబడింది. మనిషి సగమయ్యాడు. ఎడమ కనుబొమ రెండు ముక్కలుగా ఉంది.

తలెత్తి చూశాడు. కర్ర చేతిలోనే ఉండిపోయింది. తనలో తను గొణుక్కున్నట్టుగా అన్నాడు.

"మెనికా. ఎవరు చెప్పారు నీకు? సరే, వస్తే వచ్చావు. ఎప్పటికైనా వస్తావనే అనుకున్నా. అన్నను చంపినవాణ్ణి చూడ్డానికి వచ్చావు కదూ? చూడు. చూసి కిందికి పోయి చెప్పు. నేను పారిపోను. పారిపోయి పారిపోయి విసుగెత్తింది నాకు."

మెనికా చెప్పాలనుకున్నవన్నీ ఒకదానిమీద ఒకటి పడ్డాయి. చివరికి ఊడిపడింది ఇది.

"లాపో ఉప్పు చాల్లేదన్నాడు నాన్నా."

"ఏంటీ?"

"ఆదివారం రొట్టె తీసుకెళ్లా. చెస్ట్‌నట్ పిండి రొట్టె. సగం తిని, ఉప్పు చాల్లేదు, నీకు వంట ఎవరు నేర్పారే అని నామీద అరిచాడు. మిగతా సగం కూడా తిన్నాడు. బతికే ఉన్నాడు. వాగులో పడితే చెయ్యి విరిగింది, అంతే. స్పృహ తప్పి పడి, లేచి, పైకెక్కి వచ్చేసరికి నువ్వు లేవు. నెత్తురుంది, కోటుంది. నిన్ను చంపేశానని వాడనుకున్నాడు నాన్నా. ఏణ్ణర్థంగా వాడూ అదే ఏడుపు."

సాల్వెస్త్రో చేతిలోని కర్రను నేలకు గుచ్చి పట్టుకున్నాడు. "నేను పైనుంచి పిలిచాను. పలకలేదు. రాళ్ల మీద బోర్లా పడి ఉన్నాడు. నీళ్లు వాడి మీంచి పోతున్నాయి. నా కర్రతోనే తోశాను వాణ్ణి. వాడు కత్తి ఎత్తాడు, నాకు కళ్లలోకి నెత్తురు దిగింది, నేను తోశాను. పిలిచాను. నాలుగుసార్లో ఐదుసార్లో పిలిచాను."

"స్పృహలో లేడు కదా, ఎట్లా పలుకుతాడు?"

"ఉప్పు చాల్లేదన్నాడా?"

"అన్నాడు."

"అయితే లాపోనే," అన్నాడు ముసలివాడు. "వాళ్లమ్మ వండినా అదే మాట. సముద్రాన్ని తెచ్చి ముందు పెట్టినా వాడు ఉప్పు చాల్లేదంటాడు." అని నవ్వబోయాడు. నవ్వు సగంలో విరిగింది. రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోయేలా, చప్పుడు లేకుండా ఏడ్చాడు. మెనికా వెళ్లి పక్కన గోనెసంచి మీద కూర్చుని తండ్రి తలను తన ఒళ్లోకి లాక్కుంది. చిన్నప్పుడు జ్వరమొస్తే ఆయన తనను లాక్కున్నట్టు. ఆయన జుట్టులోంచి సున్నం పొడి రాలింది. ఏణ్ణర్థం తర్వాత ఆమెకు మొదటిసారి ఊపిరి కడుపుదాకా దిగింది. ఆకలి కూడా వేసింది. తను ఎప్పుడు తిన్నదో కూడా ఆమెకు గుర్తులేదు.

ఇద్దరూ నిప్పు సంగతి మరిచిపోయారు. బొగ్గులు కాల్చేవాడు నిప్పు మరిచిపోవడం అదే మొదటిసారి అయ్యుంటుంది. పైన కప్పిన తడి మట్టి కూలి, నిప్పు మీద పడి, గది అంతా నల్లటి పొగ కమ్మేసింది. సాల్వెస్త్రో దగ్గుతూ లేచాడు, మెనికా దగ్గుతూ లేచింది, ఒకళ్లనొకళ్లు తట్టుకుంటూ నిచ్చెన కోసం వెతుకుతున్నారు, వెతుకుతూనే నవ్వుతున్నారు. కింద చెరువు గట్టున ఉన్నవాళ్లకు అపెన్నీనో ముక్కులోంచి, కళ్లలోంచి ఒక్కసారిగా పొగ ఎగజిమ్మింది.

"కొండకు కోపమొచ్చింది," అని ఒక కూలీ అరిచాడు.

"కోపం కాదురా, తుమ్ము," అన్నది పిప్పా. "రోజూ ఆ సున్నం పీలిస్తే తుమ్మదా? నాకూ అంతే."

నిచ్చెన కింద రొమోలో ముఖం పైకెత్తి నిలబడి ఉన్నాడు. సాల్వెస్త్రో దిగివచ్చి ఆయన ముందు నిలబడ్డాడు. ఇద్దరూ గడ్డాలు గోక్కున్నారు.

"ఒట్టు తప్పావు," అన్నాడు సాల్వెస్త్రో.

"తప్పాను. కొడతావా?"

"ముద్దు పెట్టుకుంటా, ఆ పళ్లు తోముకునుంటే."

రొమోలో నవ్వి, ముసలివాడి వీపు మీద ఒక్కటి చరిచాడు. "నా గాడిదను తీసుకుపో. లోయ దాకా నడవలేవు నువ్వు. పైన నిప్పు నేను చూసుకుంటా. ఆ గాటు పెద్దాయన కంట పడితే పూడ్చమంటాడు. నేను వినపడనట్టు ఊరుకుంటా. వయసైపోయింది కదా, నాకు చెవుడు రావచ్చు."

"అందరూ చూస్తారేమో," అన్నాడు సాల్వెస్త్రో, ద్వారం దగ్గర ఆగి. అన్నాళ్ల తర్వాత ఎండలోకి అడుగుపెట్టడానికి కాళ్లు వెనకాడాయి. "నన్ను చూస్తారు, పైన దాన్ని చూస్తారు. రెండూ ఒకటేనని తెలిసిపోతుంది."

"తెలిస్తే తెలియనీ నాన్నా. ఇప్పుడు మనం దాచుకోవలసిందేముంది? నువ్వు న్యాయాధికారి ముందు నిలబడితే చాలు. చచ్చినవాడు నడిచొచ్చాక చంపినవాడెక్కడ ఉంటాడు? పండగ లోపలే లాపో ఇంటికొస్తాడు."

ఆమె గొంతులోని ధైర్యానికి ఆమెకే ఆశ్చర్యం వేసింది. తండ్రి చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. ద్వారం బయట అపెన్నీనో వీపు మీద పరిచిన రాళ్ల మధ్య గడ్డి, తుప్పలు. నిజమైన కొండ వాలులాగే ఉంది. పిప్పా వాళ్లను చూసి నోరు తెరిచింది. మొదట సాల్వెస్త్రోను చూసింది, తర్వాత పైకి చూసింది, మళ్లీ సాల్వెస్త్రోను చూసింది. తోటలో ఆమె నోట మాట రాకపోవడం అదే మొదలు. తర్వాత పరుగున వంటపాకలోకి వెళ్లి, ఒక రొట్టె, జున్నుముక్క మూటగట్టి తెచ్చి మెనికా చేతిలో కుక్కింది. "నాకేం చెప్పకు. తిరిగొచ్చాక చెప్పు. ఇప్పుడు చెబితే నేను రాత్రిలోగా ఊరంతా చెప్పేస్తా. నా సంగతి నాకు తెలుసు," అన్నది.

గాడిద నెమ్మదిగా సైప్రస్ చెట్ల మధ్య బాట పట్టింది. సాల్వెస్త్రో ఎక్కనన్నాడు, పక్కనే నడుస్తానన్నాడు. కాసేపు నడిచాడు, తర్వాత ఎక్కాడు. దారిలో లాపో గురించి అడిగిందే అడిగాడు. చెయ్యి సరిగ్గా అతుక్కుందా? రాత్రిళ్లు చలికి ఏం కప్పుకుంటున్నాడు? మేకలను ఎవరు చూస్తున్నారు? మెనికా చెప్పిందే చెప్పింది, ప్రతిసారీ కొంచెం మార్చి, అది ఆయనకు కొత్తగా వినపడాలని. తోట గోడ కనపడింది. గోడ అవతల లోయలోకి దిగే బాట. ఎండ ఏటవాలుగా పడుతోంది, గోధుమచేలు కోతకు వచ్చి ఉన్నాయి.

గోడ దగ్గర సాల్వెస్త్రో గాడిదను ఆపాడు.

"మెనికా, కూర్చో ఒక నిమిషం."

"చీకటిపడే లోపల వంతెన దాటాలి నాన్నా."

"దాటుదాం. కూర్చో."

ఆమె గోడ మీద కూర్చుంది. ఆయన గాడిద దిగి ఎదురుగా నిలబడ్డాడు. కళ్లు ఆమె మీద నిలవడం లేదు.

"న్యాయాధికారి మొదట అడిగేది ఎవరు కొట్టారని కాదు. ఎందుకు కొట్టుకున్నారని. లాపో చెప్పాడా?"

"లేదు. ఎన్నిసార్లు అడిగారో. తాడుకు కట్టి వేలాడదీసినా చెప్పలేదట. నేనడిగితే, ఆ ఒక్కటీ అడక్కే అన్నాడు."

"చెప్పడు. నీకోసమే చెప్పలేదు వాడు. మెడకు తాడు వేసినా చెప్పేవాడు కాదు." ముసలివాడు గాడిద మెడ నిమురుతున్నాడు, నిమురుతూనే ఉన్నాడు. "వాడు చెప్పలేదంటే నేను చెప్పాలి. చెప్పకపోతే వాణ్ణి వదలరు. అక్కడ, ఆ గుమాస్తాల ముందు, మొదటిసారి నువ్వది వినకూడదు. లాపోది అదే పట్టు, చెల్లికి చెప్పేద్దాం నాన్నా అని. నేను, నా ప్రాణం ఉండగా చెప్పనివ్వనన్నాను. అక్కడ మొదలైంది అంతా."

"ఏం చెప్పనివ్వనన్నావు?"

సాల్వెస్త్రో గాడిద మెడ మీంచి చెయ్యి తీశాడు.

"మేం కొట్టుకున్న రోజు పొద్దున నగరంలో లాపో, నేను బొగ్గులు దించుతున్నాం. నల్ల ముసుగు వేసుకున్న ఒకామె, పెద్దింటి మనిషి, బండి ఆపించి దిగొచ్చింది. నా పేరు అడిగింది, ఊరు అడిగింది. నా చెయ్యి పట్టుకుంది, బొగ్గు మసి అంటుతుందని కూడా చూడలేదు. పట్టుకుని అడిగింది తల్లీ. 'మీ భార్య పాలిచ్చి పెంచిన నా బిడ్డ, మెనికా, ఎలా ఉంది?' అని."